దిమ్మెకు నడుము

లింగమూర్తి చేసిన మంచంకోడు మీద ఏనుగు పండుకున్నా అది ఇరగదని గోదావరిఖని కాలనీలో ఒక మాట. మెచ్చుకోలు అనుకునేరు, కాదు. ఆ మాట పుట్టించింది సదయ్య. లింగమూర్తితో ఒకే జట్టులో బొగ్గు బాయి పని చేసినవాడు, వరసకు బావ, నోరు ఊరుకోని మనిషి. "ఏనుగు పండుకుంటది సరే. మంచం జరపాల్నంటే గూడ ఏనుగే రావాలె" అని తోక కూడా తగిలించేవాడు.

కట్టె పనిలో ఆ లావు లింగమూర్తికి ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలంటే బాయిలోకి దిగాలి. బొగ్గు బాయిలో అతనిది టింబర్‌మన్ పని. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం. ఆ దుంగనే దిమ్మె అంటారు. దిమ్మెకు చూసేది ఒకటే, కిందినుంచి మీదిదాకా ఒకే లావు ఉందా లేదా అని. పనిలో చేరిన కొత్తలో పెద్దలు చెప్పిన మాట లింగమూర్తి ఎన్నడూ మరువలేదు: "దిమ్మె ఏడ సన్నవడితే ఆడ మనిషి పోతడు." నౌకరి ఉన్నన్నాళ్లూ ఆ మాట అతణ్నీ, జట్టునూ కాపాడింది. రిటైరయ్యాక అదే మాట చేతికి అడ్డం పడింది.

రిటైరైన ఏడాదే ఏదో పనిమీద మంచిర్యాల పోయి, అక్కడి కట్టె అడితిలో లేతు మిషన్ మీద కర్ర తిరగడం చూశాడు. ఉలి ఆనిస్తే చాలు, చెక్క రిబ్బను తీరుగా ఊడి వస్తోంది. చదరం కట్టె చూస్తుండగానే గుండ్రమైంది. వచ్చిన పని మరిచి పొద్దు గూకే దాకా అక్కడే నిలబడ్డాడు. ఇంటికొచ్చి చెడిపోయిన నీళ్ల మోటరు చుట్టించి, ఇనుప యాంగిళ్లు వెల్డింగు పెట్టించి, ఇంటి వెనక రేకుల షెడ్డులో సొంతంగా మిషన్ నిలబెట్టాడు. నేర్పినవాళ్లు లేరు. చెడగొట్టి నేర్చుకున్నాడు. రోకళ్లు, అప్పడాల కర్రలు, మంచంకోళ్లు చేసేవాడు. అన్నీ గట్టివే. అన్నీ నున్ననివే. అన్నీ దిమ్మెలే.

అతని భార్య సారవ్వ కాలనీ ఆడవాళ్లకు జాకెట్లు కుట్టేది. ముందు గదిలో కుట్టు మిషన్, వెనక షెడ్డులో లేతు మిషన్. రెండూ ఒకేసారి నడిస్తే ఇల్లు రైలు పోయినట్టు మోగేది. కానీ మొగడు చేసిన వస్తువు ఒక్కటి కూడా ఆమె ముందు గదిలో పెట్టుకోలేదు. రోకలి వెనక వాకిట్లో, పీట బాత్‌రూం దగ్గర. ఎందుకని అతను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఇట్లా ఉండగా వాళ్లు పనిచేసిన పాత బాయి మూతపడ్డది. నేలను మీదినుంచే తవ్వుకుపోయే ఓపెన్‌కాస్టు గని అటువైపు జరుగుతోంది కాబట్టి బాయి మొగదల ఉన్న మైసమ్మను కాలనీకి తెచ్చుకోవాలి. ఆ మైసమ్మకు మొక్కకుండా జట్టులో ఒక్కడూ ఏ షిఫ్టుకూ దిగి ఎరుగడు. కొత్త గుడి గోడలు లేచాయి, గద్దె కట్టారు. గద్దె మీద అమ్మకు కట్టెతో చిన్న మంటపం పెట్టాలనీ, దానికి ఛాతీ ఎత్తు స్తంభాలు నాలుగు కావాలనీ రిటైరైన కార్మికులంతా కూర్చుని అనుకున్నారు. పెద్దరికం రఘుపతిది. ఆయన ఒకప్పుడు వాళ్ల ఓవర్‌మన్, అంటే షిఫ్టు మొత్తం మీద అధికారి. ఇప్పుడు అధికారం లేదు గానీ అందరూ ఇంకా సారనే అంటారు.

"మంచిర్యాలల రెడీమేడ్ దొరుకుతయ్" అన్నాడు రఘుపతి. "కంప్యూటర్ మిషన్ మీద కోసినయ్. పోయి తెచ్చుకునుడే."

వెనక వరసలో ఉన్న లింగమూర్తి లేచాడు. సభలో లేచి మాట్లాడే అలవాటు లేదు.

"సారూ, గిన్నేండ్లు మన నెత్తి మీద కప్పు కూలకుంట జూసింది అమ్మ. గామె నెత్తి మీద కప్పుకు దిమ్మెలు బయటికెల్లి కొంటమా? టింబరోళ్లం మనం సచ్చిపోయినమా?"

ముందు వరసలవాళ్లంతా వెనక్కి తిరిగి చూశారు.

"మాట మంచిదే లింగన్నా" అన్నాడు రఘుపతి చివరికి. "నువ్వే చెయ్. గని అందరికి నచ్చాలె. శ్రావణంల బోనాలు. గప్పటికి మంచిగ రాకుంటే మంచిర్యాల పోతం. గప్పుడు అలగొద్దు."

"అలగ" అన్నాడు లింగమూర్తి. ఆ మాట అనేసి ఇంటికి వస్తుంటే దారిలో తెలిసింది, తాను ఒప్పుకున్నది నాలుగు కట్టెలకు కాదని. తనవి మంచిగ రాకపోతే టింబర్ జట్టు మొత్తం చేతకాని జట్టు అయిపోతుంది.

కట్టెకు కొదువ లేదు, కానీ మిగులూ లేదు. కమాన్‌పూర్ దిక్కున లింగమూర్తి పుట్టిన ఊరు ఓపెన్‌కాస్టులో పోయినప్పుడు ఇంటి టేకు దూలం ఒకటి విప్పి తెచ్చుకున్నాడు. ఎవరడిగినా ఇవ్వలేదు. ఏళ్ల తరబడి షెడ్డు గోడకు ఆనుకుని ఉంది. దాన్ని కోస్తే ఐదు ముక్కలు వచ్చాయి. కావలసినవి నాలుగు, చెడితే ఒకటి.

మొదటి స్తంభం వారం తిరగకముందే తయారైంది. పైన ఒక పట్టీ, కింద ఒక పట్టీ, మధ్యలో ఒకే లావు. అద్దంలా నున్నగా గీకి, నూనె పట్టించి, భుజాన వేసుకుని గుడి దగ్గరికి మోసుకుపోయాడు. గద్దె మీద నిలబెట్టాడు. అందరూ చుట్టూ తిరిగి చూశారు.

సదయ్య దాన్ని కింది నుంచి మీదికి చూసి, పైకప్పు చూసి, మళ్లీ దాన్ని చూశాడు. "బావా, ఒక్కమాట అడుగుత. మైసమ్మ నెత్తి మీద రూఫ్ పడ్తదని ఎవలన్న చెప్పిన్రా నీకు?"

గుడి గుడంతా నవ్వు. లింగమూర్తి కూడా నవ్వుదామని చూశాడు, రాలేదు. రఘుపతి మాత్రం నవ్వలేదు. స్తంభం మీద చెయ్యి వేసి మెల్లగా అన్నాడు. "బలం ఉంది లింగన్నా. గని గిసొంటియి నాలుగు పెడితే, బాయి మూసినంక గూడ అమ్మను అండర్‌గ్రౌండ్‌లనే ఉంచినట్టుంటది."

ఆ మాట నవ్వు కంటే లోతుగా దిగింది.

ఇంటికి వచ్చి స్తంభాన్ని షెడ్డులో మూలకు ఆనించాడు. సారవ్వ సూదిలో దారం ఎక్కిస్తూ, "ఏమన్నరయ్యా?" అని అడిగింది.

"దిమ్మె అన్నరు."

"దిమ్మెనే గద."

"నువ్వు గూడ గట్లనే అంటవా?"

"పొద్దంత నువ్వే అంటవ్, సన్నవడ్డకాడ మనిషి పోతడని. గుడిల ఎవలు పోతరయ్యా? మోసేది గంత టోపీ మంటపం."

మాట నిజమే. కానీ నిజమని తెలిసినంత మాత్రాన చెయ్యి వింటుందా? కట్టెలో ఉలి లోపలికి దిగుతుంటే చెయ్యి దానంతట అదే వెనక్కి వస్తుంది. అంతటి భయం అది.

మరునాటి నుంచి లింగమూర్తి ఊరి మీద పడ్డాడు. కళ్లు తెరుచుకుని తిరగడమే పని. మంచిర్యాల పాత ఇళ్ల వాకిలి స్తంభాలు చూశాడు. ఇత్తడి దుకాణంలో దీపపు సెమ్మెలను తిప్పి తిప్పి చూస్తే, కొంటావా చూస్తావా అని దుకాణదారు కసిరాడు. తిరిగి వస్తూ రామగుండం దగ్గర చాయ్ హోటల్ ముందు బండి ఆపి తలెత్తాడు. ఎదురుగా కరెంటు ప్లాంటు కూలింగ్ టవర్లు. అవి లేచినప్పటి నుంచి అటుగా పోతున్నాడు, వాటిలోంచి లేచే ఆవిరి చూసి వాన వస్తుందో రాదో కూడా చెప్పగలడు. కానీ వాటికి నడుముందని ఆ రోజే చూశాడు.

కింద వెడల్పు. పోను పోను సన్నం. బాగా మీదికి పోయాక ఇంకా సన్నం, ఆ పైన మళ్లీ కొంచెం విచ్చుకోవడం. అంత పెద్ద కట్టడం నడుము మీద నిలబడింది. కూలలేదు. చేతిలో చాయ్ చల్లారిపోయింది. "సన్నవడ్డకాడ పోలే గద!" అని పైకే అనేశాడు. పక్కనున్నాయన తననేమో అనుకుని, "ఎవలు పోలే కాకా?" అని అడిగాడు.

ఆ ఊపులో రెండో ముక్క మిషన్‌కు ఎక్కించాడు. గీత లేదు, గుర్తు లేదు, కళ్లలో టవరు ఒక్కటే. కింద లావు వదిలి మీదికి సన్నగా లాక్కుపోయాడు. భయం వదిలిన చేతికి అదుపు కూడా వదిలింది. నడుము మణికట్టంత అయ్యేసరికి కట్టె వణకడం మొదలుపెట్టింది. ఆపాల్సింది, ఆపలేదు. ఉలి మొన లోపలికి పట్టుకుని, ఫట్టుమని ఇంత పెచ్చు ఎగిరి రేకుల మీద పడ్డది. మోటరు ఆపి చూస్తే మధ్యలో గుంట, చుట్టూ పగులు.

విరగకపోయినా అది పనికొచ్చేది కాదని అతనికే తెలిసింది. ఆకాశం మీద టవరుకు ఉన్న సొగసు ఛాతీ ఎత్తు కట్టెలో లేదు. స్తంభం కాదు, బోర్లించిన నీళ్ల గ్లాసు మీద ఇంకో గ్లాసు నిలబెట్టినట్టుంది. ఇప్పుడు మిగిలిన ముక్కలు మూడు. కావలసినవి నాలుగు. పుట్టిన ఇంటి దూలం మరొకటి ఎక్కడినుంచి తెస్తాడు?

ఆ తర్వాత షెడ్డు మోగలేదు. సారవ్వ రెండు రోజులు చూసింది. మూడో రోజు మధ్యాహ్నం ఒక పాత పేపరూ కత్తెరా తెచ్చి అతని ముందు కూర్చుంది.

"ఏమయ్యా, నేను జాకెట్ ఎట్ల కుడ్త?"

"కుట్టు మిషన్ మీద కుడ్తవ్. గదేం అడుగుడే?"

"కొత్త డిజైన్ అడిగితే గుడ్డ మీదనే కత్తెర పెడ్తనా? మందిది పట్టు గుడ్డ. కరాబైతే ఏం చెప్త? ముందుగాల పేపర్ కత్తిరిస్త. నువ్వేమో నేరుగ నువ్వు పుట్టిన ఇంటి దూలం మీదనే నేర్చుకోవడ్తివి."

ఆమె పేపరును నిలువునా సగానికి మడిచింది. "నీది రెండు దిక్కుల ఒక్కతీరే గద. సగం గియ్యి. నేను కత్తిరిస్త. విప్పితే నిండు స్తంభం."

అట్లా మొదలైంది. అతను సగం గీత గీస్తాడు, ఆమె కత్తిరిస్తుంది, మడత విప్పి మెతుకులతో షెడ్డు గోడకు అంటిస్తారు. ఒకటి పక్కన ఒకటి, అసలు ఎత్తులోనే. దూరంగా నిలబడి చూస్తారు. నచ్చకపోతే దాని మీదే ఇంకోటి. పేపర్ చెడితే ఫికర్ లేదు, పొద్దున్నే ఇంకోటి వస్తుంది. భయం లేని చోట లింగమూర్తి చెయ్యి నిదానంగా సన్నదనం నేర్చుకుంది.

మొదట్లో అతను ఉబ్బిన పూస ఒకటి సరిగ్గా మధ్యలో పెట్టేవాడు. మీద సగం, కింద సగం. ఎంత చూసినా ఏదో పొసగదు. కన్ను ఒకసారి మీదికి పోతుంది, ఒకసారి కిందికి. ఎక్కడా నిలవదు. మూడు దినాలు చూసి చూసి ఒకనాడు పకపకా నవ్వాడు.

"ఏమైందయ్యా?"

"ఒక్క షిఫ్టుకు ఇద్దరు ఓవర్‌మన్‌లనేసినట్టున్నదే! ఎవల మాట వినాల్నో తెల్వక కట్టె పరేషాన్ అయితున్నది."

పూసను మధ్య నుంచి మీదికి జరిపాడు. ఐదు పాళ్లలో మూడు కిందికి, రెండు మీదికి. అంతే, కింద ఉన్న పొడవు పెద్దదైంది, మిగతావి దాని వెనక నడిచాయి. స్తంభం ఒక్కసారి లేచి నిలబడ్డట్టయింది.

కానీ మీది భాగం బరువుగానే ఉండేది. దాని సంగతి సారవ్వ తేల్చింది. వచ్చే బోనానికని అటక మీది కుండలు దించి కడిగి, ఎండకు ఒకదాని మీద ఒకటి పేర్చింది. లింగమూర్తి గోడ వైపు చూస్తూ తల గోక్కుంటుంటే, "గీడ జూడు జర" అని పిలిచింది. "బోనం కుండ మీద గంతదే ఇంకో కుండ పెడ్తమా? మీదికి చిన్నది. దాని మీద దీపం పెట్టే గురిగి, ఇంకా చిన్నది. కిందిది మొయ్యాలె, మీదిది ఎక్కాలె. నీ పేపర్ల మీదిది గూడ మొయ్యనే జూస్తున్నది."

కిందిది మొయ్యాలె, మీదిది ఎక్కాలె. లింగమూర్తి ఆ మాటను రెండుసార్లు తనలో తాను అనుకున్నాడు. బాయిలో దిమ్మె పని మొయ్యడం ఒక్కటే. ఎక్కడమనే పని కట్టెకు ఉంటుందని అతనికి ఎవరూ చెప్పలేదు. ఉన్న పూస మీద ఇంకో పూస, దానికంటే చిన్నగా, దాని మీది మెడ ఇంకా సన్నగా గీశాడు. టవరు దగ్గర చూసిన నడుము ఇప్పుడు తన చోటు తాను వెతుక్కుంది.

ఇక మిగిలింది ఒకటి. పూస పక్కనే గాడి, గాడి పక్కనే పూస, దగ్గర దగ్గరగా పెడితే స్తంభం ముద్దలా కనిపించేది. దీనికి మందు సారవ్వ దగ్గర లేదు, లింగమూర్తి దగ్గరే ఉంది. బాయిలో పని చేసే చోటికి గాలి దారి వదలకపోతే మనిషికి ఊపిరాడదు. పూసకూ గాడికీ మధ్య వేలి మందం చదును వదిలి చూశాడు. పూస పూసలా, గాడి గాడిలా విడివిడిగా తేటపడ్డాయి. ఆ చదునుకు వేరే పేరు అతనికి తెలియదు. "గాలి" అనే అన్నాడు. "ఈడ జర గాలి ఇడువాలె" అంటే ఇప్పుడు సారవ్వకు కూడా అర్థమవుతుంది.

నచ్చిన పేపరు ఒక్కటి మిగిలింది. దాని గుర్తులన్నీ ఒక సన్నని బద్ద మీదికి దించుకుని, మూడు ముక్కలు ఒకదాని వెనక ఒకటి మిషన్‌కు ఎక్కించాడు. టేకు చార, నూనె మెరుపు కళ్లను మోసం చేస్తాయని అతనికి అనుమానం. అందుకని తలుపు వేసి, తలకు కట్టుకునే టార్చి వెలిగించి, స్తంభం నీడ గోడ మీద పేపరు పక్కన పడేట్టు పెట్టి చూసేవాడు. నీడకు రంగు లేదు, నునుపు లేదు. ఉన్నది ఆకారం ఒక్కటే. నీడ, పేపరు ఒక్కతీరుగా కనిపించేదాకా ఉలి దించలేదు.

మూడు అయ్యాయి. నాలుగోది?

శ్రావణం రేపో మాపో అన్నట్టుంది. సదయ్య షెడ్డుకు వచ్చి మూడింటినీ చూశాడు. చెయ్యి పెట్టి నడుము దగ్గర నిమిరాడు. "బావా... గియి నువ్వే చేసినవా?" అని మాత్రం అన్నాడు. తర్వాత చుట్టూ చూసి, "ఇంకోటేది?" అని అడిగాడు.

"కట్టె లేదు."

"మూలకు ఉన్నది కట్టె గాదా?"

మూలన మొదటి స్తంభం ఉంది. ఏనుగు మోసేది. మైసమ్మను అండర్‌గ్రౌండ్‌లో ఉంచేది. నవ్వించిన నాటి నుంచి లింగమూర్తి దాని మొహం చూడలేదు.

"గది దిమ్మె" అన్నాడు.

కుట్టు మిషన్ దగ్గరి నుంచి సారవ్వ గొంతు వినిపించింది. "దిమ్మె గాబట్టే బతికిపోయినం! బిగుతు జాకెట్ లూజు చెయ్యనీకి లోపల గుడ్డ ఉండాలె. లూజుది ఎన్నిమాట్ల అయినా బిగుతు చెయ్యొచ్చు. నువ్వు భయపడి కట్టె తియ్యలే గద, గదంత అండ్లనే ఉన్నది."

లింగమూర్తి లేచి దిమ్మెను మిషన్ మీదికి ఎక్కించాడు. మోటరు వేసేముందు, బాయిలో పైకప్పును కట్టెతో కొట్టి చప్పుడు విన్నట్టు, ఉలి పిడితో దాన్ని పైనుంచి కిందిదాకా కొట్టుకుంటూ విన్నాడు. ఎక్కడా డొల్ల లేదు. సదయ్య కూడా చెవి ఒగ్గి విని తలూపాడు. ఆ పని ఇద్దరూ ఎన్ని వేలసార్లు కలిసి చేశారో. ఈసారి పైన కూలేదేమీ లేదు. అయినా అలవాటుగా ఇద్దరి కళ్లూ ఒకసారి పైకి పోయాయి.

ఉలి ఆనింది. లావు పొర పొరలుగా ఊడి వచ్చింది. కట్టె వణకలేదు, చెయ్యి వెనక్కి రాలేదు.

శ్రావణం బోనాల నాడు మంటపం కింద నాలుగు స్తంభాలు నిలబడ్డాయి. టింబర్ జట్టులో మిగిలినవాళ్లంతా వచ్చారు. మొక్కడం కంటే ముందు, ఎవరూ చెప్పకుండానే, ఒక్కొక్కరూ వేళ్ల కణుపులతో స్తంభాన్ని కొట్టి చెవి పెట్టి విన్నారు. పూజారి బిత్తరపోయాడు.

"బావా, ఏదే దిమ్మె?" అన్నాడు సదయ్య. ఒకటి కొట్టాడు. ఇంకోటి కొట్టాడు. నాలుగూ కొట్టాడు.

"నువ్వే చెప్పు. బాయిల నా చెవంటే చెవి అని ఎగిరేటోనివి గద."

సదయ్య మళ్లీ మొదటిదాని దగ్గరికి పోయి చెవి పెట్టాడు.

రఘుపతి నాలుగింటి చుట్టూ తిరిగాడు. వంగి కింద చూశాడు, దూరం పోయి చూశాడు. తిరిగి వచ్చి లింగమూర్తి భుజం మీద చెయ్యి వేశాడు. "లింగన్నా, మంచిర్యాలోళ్లు గిట్ల వచ్చి ఇయ్యి ఏడ కొన్నరని అడిగితే ఏం చెప్పాలె?"

"మా బాయిల దొరికినయని చెప్పు సారూ."

ఆయన పెద్దగా నవ్వాడు. "అందరు జరగున్రి. మొదటి బోనం సారవ్వది" అన్నాడు.

డప్పులు మోగుతుంటే సారవ్వ నెత్తి మీద బోనంతో నడిచి వచ్చింది. కింద పెద్ద కుండ, మీద చిన్న కుండ, ఆ మీద వెలుగుతున్న దీపం. గద్దె ముందు బోనం దించి ఒక స్తంభం పక్కన పెట్టింది. పొద్దు గూకుతోంది. దీపం వెలుగుకు స్తంభం నీడ కొత్త సున్నం గోడ మీద పడ్డది. నడుము, మెడ, పూసకూ గాడికీ మధ్య గాలి, అన్నీ గీసినట్టు. లింగమూర్తి చూపు అలవాటుగా నీడ మీదికే పోయింది. తప్పు వెతికాడు. దొరకలేదు.

సారవ్వ కొంగు సర్దుకుని, ఆ స్తంభం నడుము మీద ఒక్కసారి అరచెయ్యి వేసింది. దిమ్మె అదే. ఆ సంగతి ఇద్దరికే తెలుసు.

"ఇంట్ల ముందు రూంల తొట్టెల లేదు" అన్నది మెల్లగా. "మన బిడ్డ యమునకు నెలలు నిండవట్టె. తొట్టెలకు ఇట్లనే నాలుగు కోళ్లు తియ్యి."

"ముందు రూంలనా?"

"మరి బాత్‌రూంకాడ పెడ్తరా తొట్టెల?"

లింగమూర్తి ఛాతీ బోనం కుండలా ఉబ్బింది. ఆమె మాత్రం మంటపం కప్పు వైపు కళ్లెత్తి, సదయ్యకు వినపడేంత గట్టిగా అన్నది:

"రూఫ్ పడది గని, నడువు. ఎనుక మందికి తొవ్వ ఇడువాలె."